అరవై దాటాక ఎన్నేళ్లు: మెట్ట కృష్ణాలో పెద్దవాళ్ల మరణాల లెక్క

నందిగామ, జగ్గయ్యపేట ఊళ్లలో పెద్దకర్మ భోజనాల దగ్గర కూర్చుంటే రెండు మాటలు పక్కపక్కనే వినపడతాయి. ఆ తరం గట్టిది, జొన్నన్నం తిని తొంభై ఏళ్లు బతికారు, ఇప్పుడు అరవై నిండకముందే షుగరూ గుండెజబ్బూ అన్నది ఒకటి. ఒకప్పుడు యాభైకే మంచాన పడేవాళ్లు, ఇప్పుడు డెబ్భై ఐదేళ్లాయన పొలానికి బండి మీద వెళ్లొస్తున్నాడు అన్నది ఇంకొకటి. రెండింటికీ సాక్ష్యం ఊళ్లోనే దొరుకుతుంది. ఈ వాదన ఊరికే పరిమితం కాదు. జనాభా శాస్త్రజ్ఞులూ వైద్యులూ యాభై ఏళ్లకు పైగా ఇదే విషయం మీద తర్జనభర్జన పడుతున్నారు. వాళ్ల ప్రశ్న ఇంకాస్త కచ్చితంగా ఉంటుంది: ఒకే వయసున్న ఇద్దరు పెద్దవాళ్లను, ఒకరిని యాభై ఏళ్ల కిందటి నుంచి, ఒకరిని ఇవాళ్టి నుంచి తీసుకుంటే, ఏడాది తిరిగేలోగా చనిపోయే అవకాశం ఎవరికి ఎక్కువ? ఎంత ఎక్కువ?

ప్రశ్న చిన్నదే. జవాబు చెప్పడానికి కావలసింది రెండు అంకెలు: ఆ వయసువాళ్లు ఎందరున్నారు, అందులో ఎందరు పోయారు. మెట్ట కృష్ణాలో ఆ రెండూ నికరంగా దొరకవు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

చేతులు మారిన రిజిస్టరు

మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఊళ్లో ఎవరైనా పోతే రాసుకోవాల్సినవాడు గ్రామ మునసబు. 1899 నాటి మద్రాసు జనన మరణాల నమోదు చట్టం ఆ పనికి ఒక రూపం ఇచ్చింది. కారణం రాసే వర్గాలు మాత్రం చాలా ఇరుకు: కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, ఊపిరితిత్తుల జబ్బులు, గాయాలు, తక్కినవన్నీ 'ఇతరాలు'. అంటువ్యాధి ఎక్కడ రేగుతోందో తెలుసుకోవడమే ఆనాటి ప్రభుత్వానికి ముఖ్యం. డెబ్భై ఏళ్ల మనిషి పక్షవాతంతో మూడు నెలలు మంచాన ఉండి పోతే ఆ పద్దులో చోటు 'ఇతరాలు' దగ్గరే.

దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది, 1970 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. తర్వాత 1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కరణం, మునసబుల వ్యవస్థను రద్దు చేసింది. భూమిశిస్తు చరిత్రలో ఆ నిర్ణయం గురించి ఎంతో రాశారు. మరణాల రిజిస్టరుకు ఏమైందో రాసినవాళ్లు తక్కువ. ఊళ్లో ఎవరింట్లో ఎవరు పోయారో అడగకుండానే తెలిసే మనిషి చేతిలోంచి ఆ పుస్తకం ఒక ఉద్యోగి చేతికి, ఆయన నుంచి ఇంకో ఉద్యోగి చేతికి మారింది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాక మరోసారి దారి మారింది. ఇలా చేతులు మారిన ప్రతిసారీ లెక్కలో ఒక అతుకు పడుతుంది. నమోదు సడలిన ఏడాది చావులు తగ్గినట్టు, నమోదు బిగిసిన ఏడాది చావులు పెరిగినట్టు కనిపిస్తాయి. నిజానికి మారింది రాసేవాళ్ల తీరు మాత్రమే కావచ్చు.

ఈ లోపం తెలిసే కేంద్రం 1960లలోనే నమూనా నమోదు పద్ధతిని మొదలుపెట్టి, 1969-70 నాటికి దేశమంతా విస్తరించింది. ఎంపిక చేసిన గ్రామాల్లో, పట్టణ వార్డుల్లో ఒకరు నిరంతరం రాస్తారు, ఆరు నెలలకోసారి మరొకరు వచ్చి సరిచూస్తారు. రాష్ట్రస్థాయికి ఇంతకన్నా నమ్మదగిన లెక్క మనకు లేదు. కానీ అది రాష్ట్రం దగ్గరే ఆగిపోతుంది, నందిగామ దాకా దిగదు.

జిల్లా లెక్కలు వాడుకుందామన్నా ఎల్లలు నిలకడగా లేవు. 1859లో గుంటూరు, మచిలీపట్నం జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేశారు. 1904లో గుంటూరు విడిపోయింది, 1925లో పశ్చిమ గోదావరి. 2022 ఏప్రిల్ 4న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం విజయవాడతో కలిసి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. నిన్నటిదాకా మెట్ట ఊళ్ల అంకెలు డెల్టా సగటులో కలిసిపోయేవి, ఇప్పుడు నగరం సగటులో కలిసిపోతున్నాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది పత్తి, మిరప రైతు ఆరోగ్యం, గుడివాడ వరి రైతు ఆరోగ్యం, విజయవాడ ఆటోడ్రైవరు ఆరోగ్యం ఒకటి కావు. ఈ మెట్టకు విడిగా ఒక లెక్క ఎన్నడూ కట్టలేదు.

సగటు ఆయుర్దాయం చెప్పనిది

వాదనలో అందరూ ముందుగా ఎత్తే అంకె సగటు ఆయుర్దాయం. 1941-51 దశకంలో భారతీయుడి సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. 1970-75 నాటికి 49.7. 2016-20కి 70. ఈ మూడు అంకెలు చూసి ముసలితనం ముప్పై ఎనిమిదేళ్లు సాగిందనుకుంటే పెద్ద పొరపాటు. సగటు 32 అంటే అందరూ ముప్పై రెండేళ్లకే పోయారని కాదు. పుట్టిన పిల్లల్లో చాలామంది అయిదేళ్లు నిండకుండానే పోయారు, ఆ బరువుకే సగటు కుంగింది.

మనం అడగాల్సిన అంకె వేరు: అరవై నిండినవాళ్లు ఇంకా ఎన్నేళ్లు బతుకుతారు? దేశం మొత్తం మీద 1940లలో అది పదేళ్లకు అటూఇటూ. 1970-75లో దాదాపు 14. 2015-19 నాటికి 18.3, అందులో ఆడవాళ్లకు 19, మగవాళ్లకు 17.5. పుట్టినప్పటి ఆయుర్దాయం రెట్టింపు దాటింది, అరవై తర్వాతి ఆయుష్షు ఎనిమిదేళ్ల చిల్లర పెరిగింది. ఈ ఎనిమిదేళ్లు చిన్నవి కావు. మనవరాలు పుట్టినప్పుడు ఉండటానికీ ఆమె పెళ్లికి కూడా ఉండటానికీ ఉన్న తేడాలో కొంత భాగం అందులో ఉంది.

'ఆ తరం గట్టిది' అన్న మాటకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. ఆ తరంలో తొంభై దాటిన మనిషి ఊరందరికీ గుర్తుంటాడు. ఆయనతో పాటు పుట్టి మశూచికో, కలరాకో, కాన్పులోనో పోయిన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఎవరికీ గుర్తుండరు. బతికి బట్టకట్టినవాళ్లనే చూసి తరమంతా అలాగే ఉండేదనుకుంటాం. జేమ్స్ వాపెల్, ఆయన సహచరులు 1979లో దీనికి గణితరూపం ఇచ్చారు: బలహీనులు ముందే రాలిపోయిన గుంపులో మిగిలినవాళ్ల మరణాల రేటు సహజంగానే తక్కువ కనిపిస్తుంది. ఇప్పుడు వైద్యం పుణ్యమా అని బలహీనులు కూడా అరవై దాటుతున్నారు. అలాంటి గుంపును పాతకాలపు గుంపుతో నేరుగా పోల్చి, ఇప్పటివాళ్లలో సత్తువ లేదనడం న్యాయం కాదు.

పదివేల జనాభా ఊరు

వెయ్యిమందికి ఏడాదికి ఎందరు పోయారన్నది ముడి మరణాల రేటు. 2020లో కేరళలో అది 7, బిహార్‌లో 5.4. బిహార్‌లో కేరళ కన్నా ఆరోగ్యం బాగుందని ఎవరూ అనరు. కేరళలో పెద్దవాళ్లు ఎక్కువ, అంతే. పిల్లలు తగ్గి పెద్దవాళ్లు పెరుగుతున్న ఆంధ్రప్రదేశ్ కూడా ఆ దారిలోనే ఉంది. అందులోనూ చదువుకున్న పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోయిన నందిగామ చుట్టుపక్కల ఊళ్లలో ఈ మార్పు ఇంకా వేగం.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఇందులోని అంకెలు ఏ ఊరివీ కావు, లెక్క తీరు అర్థం కావడానికి మాత్రమే. పదివేల జనాభా ఉన్న ఊళ్లో ఒకప్పుడు అరవై దాటినవాళ్లు 600 మంది. వాళ్లలో 540 మంది ఎనభై లోపువాళ్లు, వెయ్యికి 50 చొప్పున ఏడాదికి 27 మంది పోయారు. ఎనభై దాటినవాళ్లు 60 మంది, వెయ్యికి 150 చొప్పున 9 మంది. మొత్తం 36, అంటే వెయ్యికి 60. యాభై ఏళ్లు గడిచాయి. పెద్దవాళ్లు 1,500 మంది అయ్యారు. ఎనభై లోపు 1,200 మంది, వెయ్యికి 30 చొప్పున 36 చావులు. ఎనభై పైన 300 మంది, వెయ్యికి 120 చొప్పున 36 చావులు. మొత్తం 72, అంటే వెయ్యికి 48.

ఊళ్లో శ్మశానం దాకా నడిచేవాళ్ల కంటికి పెద్దవాళ్ల చావులు 36 నుంచి 72కు, రెట్టింపు అయ్యాయి. రేటు చూసేవాళ్లకు అయిదో వంతు తగ్గింది. ఎనభై లోపువాళ్లను విడిగా చూస్తే నూటికి నలభై తగ్గింది. పాత ఊరి వయసుల పొందికనే రెండు కాలాలకూ వర్తింపజేస్తే కొత్త రేటు వెయ్యికి 39, అంటే తగ్గుదల 35 శాతం. కొత్త ఊరి పొందికను వర్తింపజేస్తే పాత రేటు 70, కొత్తది 48, తగ్గుదల 31 శాతం. ఏ పొందికను ప్రమాణంగా తీసుకోవాలన్నదే ఒక వివాదం, ఎందుకంటే జవాబు దాన్నిబట్టి కాస్త అటూఇటూ జరుగుతుంది. ఊరు ఒకటే, చావులూ అవే, అయినా రెట్టింపు అన్నా తప్పు కాదు, మూడో వంతు తగ్గిందన్నా తప్పు కాదు. పత్రికల్లో 'వృద్ధుల మరణాలు పెరిగాయి' అన్న శీర్షిక కనపడితే ముందు అడగాల్సింది వీటిలో ఏ లెక్క అని.

వయసు ఎక్కడ రాసుంది

పై లెక్కంతా వయసు సరిగ్గా తెలిస్తేనే నిలుస్తుంది. డెబ్భై దాటిన మెట్ట రైతుకు పుట్టినరోజు కాగితం లేదు. సర్వేకు వచ్చినవాళ్లు రజాకార్ల అల్లర్లకు నైజాం నుంచి జనం జగ్గయ్యపేట వైపు వచ్చినప్పటికి నువ్వెంత అనో, సాగర్ కాలువ తవ్వేటప్పటికి పెళ్లయిందా అనో, 1977 దివిసీమ ఉప్పెన నాటికి ఎందరు పిల్లలనో అడిగి వయసు కడతారు. ఆధార్‌లో ఎందరో పెద్దవాళ్ల పుట్టినరోజు జనవరి 1. జనగణన పట్టికల్లో 60, 65, 70 దగ్గర జనం కుప్పపడతారు, 61, 67, 73 దగ్గర పలచబడతారు. ఒకే మనిషికి ఓటరు జాబితాలో ఒక వయసు, పింఛను పుస్తకంలో ఇంకొకటి, పోయాక సెంటర్‌లో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద మూడోది.

పింఛనుకు ఇందులో పెద్ద చోటే ఉంది. రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను అర్హత వయసును 2019లో 65 నుంచి 60కి తగ్గించారు. ఇప్పుడు నెలకు 4,000 రూపాయలు వస్తోంది. కూలికి వెళ్లలేని మనిషికి అది నెల గడిచే ఆధారం, దానికోసం రెండేళ్లు ఎక్కువ చెప్పుకున్నవాళ్లను తప్పుపట్టే పని లేదు. లెక్కలో మాత్రం అది తేడా తెస్తుంది. యాభై ఎనిమిదేళ్లవాళ్లు అరవై దాటినవాళ్ల పద్దులో చేరితే ఆ గుంపు నిజంగా ఉన్నదానికన్నా చిన్నవయసుది అవుతుంది, మరణాల రేటు తక్కువ పడుతుంది. ఆన్స్లీ కోల్, ఎలెన్ కిస్కర్ 1986లోనే ఈ ప్రమాదాన్ని ఎత్తిచూపారు: వయసు లెక్కలు బలహీనమైన దేశాల్లో పండు ముసలివాళ్ల మరణాల రేటు నమ్మశక్యం కానంత తక్కువ కనిపిస్తుంది. నూట పదేళ్లు దాటినవాళ్లు ఎక్కువగా కనిపించే ప్రాంతాలు చాలావరకు పేదరికం, రికార్డుల లోపం ఉన్న ప్రాంతాలేనని సాల్ న్యూమన్ ఈ మధ్య చేసిన వాదనకు మూలం కూడా ఇదే.

వయసు తర్వాతి చిక్కు చోటు. చట్టం ప్రకారం మరణాన్ని ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి. కంచికచర్ల మనిషి గుండెపోటుతో విజయవాడ ఆసుపత్రిలో పోతే ఆ మరణం విజయవాడ పుస్తకంలోకి వెళ్తుంది. వత్సవాయి మనిషి ఖమ్మంలో పోతే 2014 నుంచి అది ఇంకో రాష్ట్రం లెక్క. కొడుకు దగ్గర హైదరాబాదులో ఉండి పోయినవాళ్లు అసలు ఇక్కడివాళ్లుగానే కనపడరు. దీనికి ఎదురు దిశలో, ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పాక ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఊరి పుస్తకంలో 'వృద్ధాప్యం' అన్న ఒక్క మాటతో ముగుస్తారు. దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి నాలుగో వంతు కూడా లేవు.

ఆడవాళ్ల చావుల దగ్గర లోటు ఇంకా పెద్దది. మగవాడు పోతే పట్టాదారు పాస్‌పుస్తకం మారాలి, ఎల్ఐసీ డబ్బులు రావాలి, భార్యకు వితంతు పింఛను రావాలి. అన్నిటికీ మరణ ధ్రువీకరణ పత్రం కావాలి, కాబట్టి ఇరవై ఒక్క రోజుల లోపే ఎవరో ఒకరు సచివాలయానికి వెళ్తారు. పేరు మీద సెంటు భూమి లేని డెబ్భై ఎనిమిదేళ్ల అవ్వ పోతే ఆ కాగితంతో ఎవరికీ పని పడదు. పెద్ద వయసు ఆడవాళ్ల మరణాల రేటు తక్కువగా కనపడినచోట ఎంత నిజంగా తక్కువో, ఎంత రాయకపోవడమో విడదీయాలి. ఈ సమీక్షలో అన్నిటికన్నా బాధ కలిగించే ఖాళీ ఇదే.

ఎందుకు మారిందన్న వాదనలు

అబ్దెల్ ఒమ్రాన్ 1971లో ప్రతిపాదించిన క్రమం ఈ చర్చకు పునాది. కరువులూ అంటురోగాలూ తగ్గి, వాటి చోటును గుండెజబ్బులు, పక్షవాతం, క్యాన్సర్ ఆక్రమిస్తాయన్నది దాని సారం. ఇది మన పల్లెలకు ఎప్పుడు చేరిందన్నదానికి గట్టి సాక్ష్యం పక్క గోదావరి జిల్లాల్లో దొరికింది. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, లక్షా ఎనభై వేల జనాభాలో జరిగిన 1,354 మరణాల గురించి ఇంటింటికీ వెళ్లి అడిగి కారణాలు తేల్చారు. గుండె, రక్తనాళాల జబ్బులకు పోయినవాళ్లు నూటికి 32. అంటురోగాలకు 12. గాయాలు, ప్రమాదాలు, ఆత్మహత్యల వంటివాటికి 13. గుండెజబ్బు పట్నంలో డబ్బున్నవాళ్లదన్న నమ్మకాన్ని ఆ అధ్యయనం పక్కకు నెట్టింది. దాన్ని యథాతథంగా మెట్టకు అన్వయించడం మాత్రం కుదరదు. పత్తికట్టె పొగలో దశాబ్దాలు వంటచేసిన ఊపిరితిత్తులు, బోరునీళ్లు, పురుగుమందులు, ఇదే మెట్టలోని ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బులు, వీటి పాళ్లు ఇక్కడ వేరు.

రెండో వాదన పెరిగిన ఏళ్ల గురించి. జేమ్స్ ఫ్రైస్ 1980లో ఆశ చూపాడు: జబ్బు మొదలవడం ఆలస్యమవుతుంది, మంచాన పడే కాలం కుంచించుకుపోతుంది. అంతకు మూడేళ్ల ముందే ఎర్నెస్ట్ గ్రూన్‌బర్గ్ దీనికి విరుద్ధంగా హెచ్చరించాడు: వైద్యం చావును ఆపుతుంది, జబ్బును ఆపదు, కాబట్టి రోగంతో బతికే ఏళ్లే పెరుగుతాయి. కెన్నెత్ మాంటన్ 1982లో మధ్యే దారి చెప్పాడు: జబ్బుతో ఉండే ఏళ్లు పెరుగుతాయి, కానీ జబ్బు తీవ్రత తగ్గుతుంది. మన దగ్గర 108 అంబులెన్సు 2005లో, ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాయి. గుండె ఆపరేషన్ పేదవాడి ఇంటిదాకా వచ్చింది, అది నిజమైన మేలు. అయినా గ్రూన్‌బర్గ్ మాట ఇక్కడ ఎక్కువ నిలబడుతుందనిపిస్తుంది. ఆపరేషన్‌కు డబ్బిచ్చే ఏర్పాటు ముందు వచ్చింది, రోజూ వేసుకోవాల్సిన బీపీ బిళ్ల ఊళ్లో ఆగకుండా దొరికే ఏర్పాటు ఆలస్యంగా వచ్చింది. పక్షవాతం వచ్చి బతికి, కుడిచెయ్యి పడిపోయి పదేళ్లు అరుగు మీద కూర్చున్న మనిషి మరణాల లెక్కలో విజయమే. ఆయనకు అన్నం కలిపి తినిపించే భార్యకు మాత్రం ఆ పదేళ్లు వేరే లెక్క.

మూడో వాదన బాల్యంలోకి వెళ్తుంది. కేలబ్ ఫించ్, ఐలీన్ క్రిమిన్స్ 2004లో పాత స్వీడన్ లెక్కలు ముందు పెట్టుకుని, చిన్నప్పుడు అంటురోగాల బారిన తక్కువ పడిన తరాలు ముసలితనంలోనూ ఆలస్యంగా పోయాయని వాదించారు. ఇది నిజమైతే మెట్ట కృష్ణాలో కాలువ నీళ్లకు ముందు పుట్టినవాళ్లనూ తర్వాత పుట్టినవాళ్లనూ విడిగా చూడాలి. సాగర్ ఎడమ కాలువ 1960ల చివర్లో పారింది. ఆ నీళ్లకు ముందు పసితనం గడిపినవాళ్లు ఇప్పుడు అరవై దాటినవాళ్లే. హైదరాబాదు దగ్గరి గ్రామాల్లో 1987-90 మధ్య గర్భిణులకు, పిల్లలకు అదనపు ఆహారం ఇచ్చిన ప్రయత్నంలో ఆ పిల్లలను కౌమార వయసులో పరీక్షిస్తే ఎత్తు కాస్త ఎక్కువ, రక్తనాళాల బిరుసు తక్కువ. వాళ్లు అరవై దాటడానికి ఇంకా రెండు దశాబ్దాలు పడుతుంది. అందాకా ఇది ఆసక్తికరమైన ఊహే.

ఎంతదాకా పెరుగుతుందన్న వాదన మనకు ఇంకా దూరం. జిమ్ ఓపెన్, వాపెల్ 2002లో, ప్రపంచంలో అత్యుత్తమ ఆయుర్దాయం 1840 నుంచి పదేళ్లకు రెండున్నర ఏళ్ల చొప్పున ఎక్కడా ఆగకుండా పెరుగుతోందన్నారు. ఓల్షాన్‌స్కీ దానికి హద్దు ఉందంటాడు. అరవై తర్వాత పద్దెనిమిదేళ్ల దగ్గరున్న మనం ఆ హద్దుకు చాలా కింద ఉన్నాం.

లెక్క తప్పించే ఏడాదులు

ఏ ఏడాదితో ఏ ఏడాదిని పోల్చామన్నది కూడా ఫలితాన్ని తిప్పేస్తుంది. 2015 మే వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది పోయారన్నది ప్రభుత్వ లెక్క. వేసవి ఉష్ణోగ్రతల జాబితాలో రెంటచింతలతో పాటు పేరు కనపడే నందిగామలో ఎండకు కుంగిన పెద్దవాళ్లందరూ 'వడదెబ్బ' కింద నమోదై ఉండరు. షుగరున్న మనిషి మే మధ్యాహ్నం రేకుల ఇంట్లో పోతే గుండె ఆగిందనే రాస్తారు.

కరోనా దగ్గర తేడా కొండంత. దేశంలో నమోదైన మొత్తం మరణాలు 2019లో 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు, 2021లో కోటీ రెండు లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020, 2021 రెండేళ్లలో కలిపి 47 లక్షల అదనపు మరణాలని అంచనా వేసింది, భారత ప్రభుత్వం ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. 2020లోనే ఆయుర్దాయం 2.6 ఏళ్లు పడిపోయిందన్న 2024 నాటి పరిశోధననూ ప్రభుత్వం తోసిపుచ్చింది. రాష్ట్రంలో కరోనా మరణాలుగా ప్రకటించినవి పద్నాలుగు వేల పైచిలుకు. ఒక్క 2021 మే నెలలో అన్ని కారణాలతో నమోదైన మరణాలే లక్ష దాటాయని పత్రికలు బయటపెట్టాయి. ఆ మే రెండో వారంలో జగ్గయ్యపేట దగ్గర గరికపాడు సరిహద్దులో హైదరాబాదు వెళ్లే అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపారు. హైకోర్టు జోక్యంతో దారి తెరుచుకుంది. ఆ వాహనాల్లో ఉన్నవాళ్ల చావు ఏ ఊరి పుస్తకంలో, ఏ రాష్ట్రం పుస్తకంలో చేరిందన్నది చోటు గురించి పైన చెప్పిన చిక్కుకు తీవ్రమైన రూపం.

2021ని మొదలుగా పెట్టుకుంటే తర్వాతి ఏళ్లన్నీ మెరుగే. 2019తో పోలిస్తేనే కాస్త న్యాయం. అప్పుడైనా ఒక మెలిక ఉంది: బలహీనులు ఎందరో 2021లోనే పోవడం వల్ల ఆ తర్వాతి ఒకటి రెండేళ్లు రేటు సహజం కన్నా తక్కువ పడొచ్చు.

తేలనివి

అరవై నుంచి ఎనభై మధ్యవాళ్ల మరణాల రేటు యాభై ఏళ్లలో గట్టిగా తగ్గిందన్నది దాదాపు నిర్ధారణ. ఎనభై పైన ఎంత తగ్గిందో వయసులు తేలనిదే చెప్పలేం. పెరిగిన ఏళ్లలో ఎన్ని నడిచే ఏళ్లు, ఎన్ని మంచంలో ఏళ్లు అన్నది తేలలేదు. మెట్టకూ డెల్టాకూ మధ్య తేడా ఎంతో కొలవలేదు. ఆడవాళ్ల లెక్క అన్నిటికన్నా వెనకబడి ఉంది.

వీటిలో కొన్ని తేల్చడానికి కావలసిన కాగితాలు ఇప్పటికే ఉన్నాయి. ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయం సిబ్బంది పింఛను చేతికిచ్చేటప్పుడు ఒక పేరు ఎదురుగా మనిషి ఉన్నాడా లేడా అన్నది నమోదవుతుంది. ఆ జాబితాలోంచి తొలగిన పేర్లను మరణాల రిజిస్టరుతో సరిచూస్తే రాయకుండా వదిలేసిన అవ్వల సంఖ్య మండలాలవారీగా బయటపడుతుంది. దీనికి కొత్త సర్వే అక్కర్లేదు.

పెద్ద పరీక్ష జనగణన. 2011 తర్వాత లెక్క జరగలేదు, తర్వాతిది 2027లో. 2011లో 60 నుంచి 64 మధ్య రాసుకున్నవాళ్లు అప్పటికి 76 నుంచి 80 మధ్య ఉండాలి. జగ్గయ్యపేట, నందిగామ మండలాల్లో ఆనాటి వాళ్లలో ఇంకా ఎందరున్నారు, మధ్యలో ఎందరి చావు రిజిస్టరులోకి ఎక్కింది, ఎందరు పిల్లల దగ్గరికి వెళ్లారన్నది కూడితే మొత్తం సరిపోవాలి. సరిపోకపోతే ఆ తేడా ఎంతో, అది ఎక్కువగా ఆడవాళ్ల వైపు ఉందో లేదో మొదటిసారి తెలుస్తుంది. 80 దగ్గర జనం మళ్లీ కుప్పపడితే మాత్రం ఆ తేడాలో కొంత వయసు చెప్పడంలోనే ఉందని అప్పుడూ విడదీసుకోవాలి.